పండుగ విస్తరి

తెలుగువారి జీవనంలో పండుగకూ వంటకూ విడదీయరాని బంధం ఉంది. పండుగ పేరు వినగానే పూజ కంటె ముందు వంటకం గుర్తుకు వస్తుందంటే అతిశయోక్తి కాదు. ఉగాది అనగానే పచ్చడి, శ్రీరామనవమి అనగానే వడపప్పు, పానకం, వినాయక చవితి అనగానే ఉండ్రాళ్ళు, బతుకమ్మ అనగానే సద్దులు, సంక్రాంతి అనగానే అరిసెలు, సకినాలు, రంజాన్ అనగానే హలీం, క్రిస్మస్ అనగానే కేకు మనసులో మెదలుతాయి. "తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి" అనే సామెత ఒక మహాకావ్యం సరసన ఒక పిండివంటను కూర్చోబెట్టింది. ఒక జాతి తన రుచులను ఇంతగా గౌరవించుకోవడంలో తప్పు లేదు. అయితే ఆ గౌరవమే శరీరానికి భారంగా మారే పరిస్థితి వచ్చినప్పుడు ఆలోచించక తప్పదు.

కనుమనాటి మధ్యాహ్నం ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. నగరాలలో ఉద్యోగాలు చేసుకొంటున్న పిల్లలు, అల్లుళ్ళు, మనుమలు ఊరు చేరారు. హాలులో బారుగా విస్తళ్ళు వేశారు. ఇంటి పెద్దకు అరవై ఏళ్ళు దాటాయి. పదేళ్ళుగా మధుమేహం. ఉదయమే మాత్ర వేసుకొన్నాడు. బూరెలు వడ్డించబోతే విస్తరికి చేయి అడ్డం పెట్టాడు. "పండుగ పూట వద్దంటారేమిటి బావగారూ! ఒక్కటి తింటే ఏమీ కాదు" అన్నాడు పక్కన కూర్చున్న వియ్యంకుడు. "పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి నా చేత్తో చేశాను అన్నయ్యా" అన్నది చెల్లెలు. "తినండి తాతయ్యా, రేపటి నుంచి మానేద్దురుగాని" అన్నాడు మనుమడు. ఆయన చేయి తీశాడు. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. బూరె మధ్య గుంటలో నెయ్యి నిండింది. సాయంకాలానికి ఆయన నీరసంతో మంచం ఎక్కాడు. దాహం తీరలేదు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ఆందోళనతో గడిపారు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఈ దృశ్యంలో చెడ్డవారెవరూ లేరు. వియ్యంకునిది ఆప్యాయత, చెల్లెలిది అభిమానం, మనుమనిది చనువు. పెద్దాయనది మొహమాటం. ఇందరి మంచితనం కలిసి ఒక మనిషికి కీడు చేసింది. పండుగ భోజనం, ఆరోగ్యం అనే చర్చలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏది తినాలో, ఏది తినకూడదో చాలామందికి తెలియనిది కాదు. తెలిసినదాన్ని నలుగురిలో ఆచరించడానికి మర్యాద అడ్డు వస్తున్నది. కనుక ఈ విషయాన్ని కేవలం వైద్యసమస్యగా చూస్తే సరిపోదు. అది మర్యాదకు సంబంధించిన సమస్య కూడా.

పూర్వికుల పండుగ భోజనం ఎందుకు అంత ఘనంగా ఉండేదో ముందుగా గ్రహించాలి. వ్యవసాయ ప్రధానమైన సమాజంలో పంట ఇంటికి వచ్చిన కాలమే పండుగ కాలం. కొత్త బియ్యం, కొత్త బెల్లం, కొత్త నువ్వులు చేతికందినప్పుడు సంక్రాంతి వచ్చేది. మిగిలిన రోజులలో సామాన్యుని భోజనం చాలా నిరాడంబరంగా ఉండేది. తెలంగాణ, రాయలసీమల మెట్ట ప్రాంతాలలో జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం, అంబలి నిత్యాహారాలు. అక్కడి పేద ఇళ్ళలో వరి అన్నమే పండుగనాటి వంటకం. నూనె గరిటెలతో కాక చుక్కలతో లెక్క. తీపి పదార్థం ఏడాదిలో వేళ్ళమీద లెక్కపెట్టదగిన రోజులలోనే నోటికి అందేది. పైగా ఆ రోజులలో పొలం పని, నీళ్ళు తోడడం, దంచడం, విసరడం, నడవడం శరీరానికి తప్పని శ్రమలు. అటువంటి జీవితంలో రెండు అరిసెలు, నాలుగు బూరెలు కరిగిపోవడానికి ఎంతో సేపు పట్టేది కాదు.

కాలం మారింది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు అందించే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆకలిని తగ్గించడంలో ఆ పథకం చేసిన మేలు సామాన్యమైనది కాదు. అదే కాలంలో తెల్లని వరి అన్నం మెట్ట ప్రాంతాలలో సైతం నిత్యాహారంగా స్థిరపడింది. మరపట్టిన బియ్యం తవుడును పోగొట్టుకొని తెల్లబడింది. వేపుళ్ళు, మిఠాయిలు, సీసా పానీయాలు వీధి చివర దుకాణంలోనే దొరకసాగాయి. విసరడం, దంచడం యంత్రాల వంతయింది. నడక స్థానంలో వాహనం వచ్చింది. ఒకప్పుడు పండుగనాడు మాత్రమే తిన్నది ఇప్పుడు ప్రతిదినమూ తింటున్నారు. అయినా పండుగ భోజనం తన ఘనతను తగ్గించుకోలేదు. నిత్యమూ పండుగ వంటి భోజనం, దానిమీద మళ్ళీ పండుగ భోజనం. నేటి పరిస్థితి ఇది.

ఫలితం గణాంకాలలో కనిపిస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశంలోని అన్ని రాష్ట్రాలలో లక్షా పదమూడు వేల మందికి పైగా వయోజనులను పరీక్షించి జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారు. మరో 13.6 కోట్ల మంది ఆ వ్యాధి వాకిట నిలిచి ఉన్నారు. అధిక రక్తపోటు ఉన్నవారు 31.5 కోట్ల మంది. అంటే ఇరవై మంది పెద్దలు కూర్చున్న పంక్తిలో ఇద్దరికైనా మధుమేహం, ఆరేడుగురికి రక్తపోటు ఉండే అవకాశం ఉన్నదన్నమాట. వీరిలో కొందరికి తమకు వ్యాధి ఉన్న సంగతి కూడా తెలియకపోవచ్చు. వడ్డించేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం. "ఒక్కటి తింటే ఏమీ కాదు" అనే మాట ఎవరితో అంటున్నారో అన్నవారికే తెలియదు.

హైదరాబాదు నగరంలో తార్నాక వద్ద ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయంలో దేశానికంతటికీ మార్గదర్శి. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. భారతీయుల ఆహారానికి సంబంధించి సవరించిన మార్గదర్శక సూత్రాలను 2024లో ఈ సంస్థ ప్రకటించింది. దేశంలోని రోగభారంలో 56.4 శాతానికి సరికాని ఆహారపు అలవాట్లే కారణమని అందులో పేర్కొన్నది. కంచంలో సగభాగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండాలని, మిగిలిన భాగంలో ధాన్యాలు, పప్పులు, పాలు, గింజలు వంటివి ఉండాలని సూచించింది. ఈ కొలతతో పండుగ విస్తరిని పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పులిహోర, తెల్లన్నం, చక్కెర పొంగలి, గారె, బూరె, అప్పడం, వడియం విస్తరినంతా ఆక్రమిస్తాయి. కూర ఒక మూలకు ఒదిగిపోతుంది. ఆ కూర కూడా తరచుగా నూనెలో వేగినదే అవుతుంది.

కొన్ని లెక్కలు విద్యార్థులకు తెలిసి ఉండడం మంచిది. ఒక గ్రాము పిండిపదార్థం గాని, మాంసకృత్తులు గాని శరీరానికి 4 కిలో కేలరీల శక్తినిస్తాయి. ఒక గ్రాము కొవ్వు 9 కిలో కేలరీలనిస్తుంది. అందువల్ల ఆవిరిమీద ఉడికిన కుడుము కంటె నూనెలో వేగిన బూరెలో శక్తి ఎంతో అధికం. ఆహారానికి అదనంగా చేర్చే చక్కెర మొత్తం శక్తిలో పదోవంతుకు మించరాదని, ఇరవయ్యో వంతుకు తగ్గితే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 2000 కిలో కేలరీలు అవసరమైన వ్యక్తికి ఈ రెండవ పరిమితి 25 గ్రాములు, అంటే సుమారు ఆరు చెంచాలు. సాధారణంగా 300 మిల్లీలీటర్ల తీపి శీతల పానీయంలోనే 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. విందుకు వచ్చిన అతిథి చేతికి మర్యాదగా ఒక సీసా ఇస్తే, విస్తరి వేయకముందే అతని ఆ రోజు చక్కెర వాటా పూర్తయిపోయిందన్నమాట. ఉప్పు రోజుకు 5 గ్రాములకు, అంటే దాదాపు ఒక చెంచాకు మించరాదు. ఊరగాయ, అప్పడం, వడియం, పులిహోర, జంతిక ఒకే పూట కలిసినప్పుడు ఈ హద్దు ఎప్పుడు దాటిందో తిన్నవారికి తెలియదు.

అంతమాత్రాన పూర్వాచారాలన్నీ ఆరోగ్యానికి విరుద్ధాలని తలచరాదు. పరిశీలించి చూస్తే సంప్రదాయంలోనే ఎంతో వివేకం కనిపిస్తుంది. వినాయక చవితినాటి ఉండ్రాళ్ళు, కుడుములు ఆవిరిమీద ఉడికేవి. శ్రీరామనవమినాటి వడపప్పు నానిన పెసరపప్పు. దానికి నూనెతో గాని, పొయ్యితో గాని పని లేదు. తొలి ఏకాదశినాటి పేలాల పిండి తేలికగా అరిగే ఆహారం. సద్దుల బతుకమ్మనాడు పెరుగు, చింతపండు, నిమ్మ, కొబ్బరి, నువ్వులతో చేసే సద్దులలో రుచి వైవిధ్యం ఉంది కాని వేపుడు భారం లేదు. రంజాన్ ఉపవాసాన్ని ఖర్జూరంతో, నీటితో విరమించడంలో నిదానం ఉంది. కడుపులో సగభాగాన్ని ఘనాహారంతో, పావుభాగాన్ని ద్రవంతో నింపి, మిగిలిన పావుభాగాన్ని ఖాళీగా ఉంచాలని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో బోధించాడు. మితం అనే మాట ఈ నేలకు కొత్తది కాదు. పండుగ వంటలలో బరువైన వాటిని పెంచి, తేలికైన వాటిని నామమాత్రం చేసుకొన్నది తర్వాతి తరాలవారే.

అయితే సంప్రదాయం పేరుతో కొన్ని అపోహలు కూడా వ్యాపించి ఉన్నాయి. బెల్లం మంచిది కనుక మధుమేహం ఉన్నవారు ఎంతైనా తినవచ్చునని కొందరు నమ్ముతారు. బెల్లంలో కొద్దిపాటి ఖనిజ లవణాలు ఉన్న మాట నిజమే. కాని అందులో అధికభాగం చక్కెరే. రక్తంలో అది చేసే పని ఇంచుమించు ఒక్కటే. ఇంటి నెయ్యి కనుక ఎంత వేసుకొన్నా దోషం లేదనడమూ అటువంటిదే. నెయ్యి ఇంటిదైనా కొవ్వు కొవ్వే. చిరుధాన్యాలతో చేసిన అరిసె పిండి కూడా పాకంలోనే కలుస్తుంది, నూనెలోనే వేగుతుంది. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత వీటి పట్ల ఆదరణ పెరగడం సంతోషించదగినదే. కాని ధాన్యం మారినంత మాత్రాన మోతాదుతో పని లేదనుకోవడం పొరపాటు.

నేటి విందులలో మరొక ధోరణి బలపడింది. వంటకాల సంఖ్య గృహస్థుని హోదాకు కొలబద్ద అవుతున్నది. 2022 సంక్రాంతికి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లునికి 365 రకాల వంటకాలు వడ్డించిన వార్త దేశమంతటా ప్రచారమయింది. గోదావరి వాసుల ఆతిథ్యానికి అది నిదర్శనమని మెచ్చుకొన్నవారున్నారు. ఆ ముచ్చటను తప్పుపట్టనవసరం లేదు. కాని వంటకాల జాబితా పెరిగిన కొద్దీ నాలుక తృప్తి పడే వేళ దూరమవుతుంది. ఒకే రకం ఆహారం తింటున్నప్పుడు కొంతసేపటికి చాలుననిపిస్తుంది. రకం మారినప్పుడల్లా తినాలనే కోరిక మళ్ళీ లేస్తుంది. అన్నీ రుచి చూడాలనే తపనలో ఏదీ సరిగా రుచి చూడలేకపోవడం పెద్ద విందులలో తరచుగా జరిగేదే.

"ఏడాదికి ఒక్కసారి వచ్చే పండుగ, ఆనాడు కూడా లెక్కలేనా?" అని ప్రశ్నించేవారుంటారు. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. ఆరోగ్యవంతుడు, శ్రమ చేసేవాడు ఒక పూట కాస్త ఎక్కువ తిన్నంత మాత్రాన కలిగే నష్టం స్వల్పమే. తర్వాతి రెండు రోజులు తేలికగా తింటే శరీరం సర్దుకొంటుంది. అయితే ఆ ఒక్కసారి నిజంగా ఒక్కసారేనా అనేది ఆలోచించాలి. సంక్రాంతి మూడు రోజులు. ఆ తర్వాత ఉగాది, శ్రీరామనవమి, శ్రావణ శుక్రవారాలు, చవితి, దసరా, దీపావళి, కార్తిక వనభోజనాలు. వీటి నడుమ పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, సీమంతాలు, పుట్టినరోజులు, కార్యాలయాల విందులు. ప్రతి విందుకూ అదే సమాధానం చెప్పుకొంటే విందు లేని వారం అరుదవుతుంది. ఇక మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, గుండెజబ్బు ఉన్నవారి విషయం వేరు. వారికి ఒక్క పూట భోజనమే ప్రమాదం తేవచ్చు. ఆరోగ్యవంతుని లెక్కతో రోగికి వడ్డించడం న్యాయం కాదు.

ఈ పరిస్థితిని చక్కదిద్దడంలో మొదటి బాధ్యత గృహస్థునిది. నాలుగు తీపి వంటకాలకు బదులు ఒక్కటి చేసి, దానిని శ్రద్ధగా, చిన్న పరిమాణంలో చేయడం వల్ల విందు గౌరవం తగ్గదు. వేపుడు వంటకం ఒకటి ఉంటే ఆవిరి వంటకం మరొకటి ఉండాలి. దోసకాయ, క్యారెట్, కొబ్బరి తురుము, నానిన పెసరపప్పు, నిమ్మరసం కలిపిన వడపప్పు విస్తరిలో మొదట చేరితే అది రంగుకు రంగు, బలానికి బలం. ఆకుకూర పప్పు, పులుసు కూర, ఆవపెట్టిన కూర వంటివి నూనె తక్కువైనా రుచికి లోటు చేయవు. సీసా పానీయాలకు బదులు అల్లం, కరివేపాకు వేసిన పల్చని మజ్జిగ, చక్కెర కలపని నిమ్మనీరు ఇవ్వవచ్చు. చివర మిఠాయికి బదులు జామ, బొప్పాయి ముక్కలు పెట్టవచ్చు. ఇవన్నీ ఖర్చు పెంచేవి కావు, తగ్గించేవి.

వంటశాల శుభ్రతను కూడా విస్మరించరాదు. ఒకసారి మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి వంటకాలు వేయించడం హానికరం. వేపుడు నూనెలో పాడైన పదార్థాల పరిమాణం 25 శాతం దాటితే దానిని వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ విధించిన నియమం 2018 నుంచి అమలులో ఉంది. వనస్పతి వంటి కొవ్వులలో ఉండే ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి పరిమితం చేసే నియమం 2022లో వచ్చింది. పెద్ద విందులలో వండిన ఆహారం రెండు గంటలకు మించి చల్లారి బయట ఉండకుండా చూడాలి. మధ్యాహ్నం మిగిలిన అన్నం, కూర, మాంసం రాత్రి వరకు గిన్నెలలోనే ఉంటే వాటిలో సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. విందు తర్వాత ఊరంతా వాంతులు, విరేచనాలతో బాధపడిన వార్తల వెనుక తరచుగా ఉండే కారణాలలో ఇది ఒకటి.

రెండవ బాధ్యత అతిథిది. విందు ఉన్నదని ఉదయం నుంచి పస్తుండి రావడం చాలామందికి అలవాటు. మండే ఆకలితో కూర్చున్న మనిషికి మితం గుర్తుండదు. ఉదయం తేలికగా ఏదైనా తిని రావడమే మంచిది. భోజనంలో మొదట కూరలు, పప్పు తిని, ఆ తర్వాత అన్నం, తీపి తీసుకొంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా కాక నెమ్మదిగా పెరుగుతుంది. కడుపు నిండిన సంగతి మెదడుకు తెలియడానికి ఇంచుమించు ఇరవై నిమిషాలు పడుతుంది. కనుక నమిలి, నిదానంగా, పక్కవారితో మాట్లాడుతూ తినేవాడు తక్కువతోనే తృప్తి పొందుతాడు. రోజూ దొరికే వంటకాన్ని వదిలి, పండుగకు మాత్రమే దొరికే వంటకాన్ని ఎంచుకోవడం తెలివైన పని. ఆత్రేయపురం పూతరేకు ఎదుట ఉండగా దుకాణపు బిస్కట్టుకు చోటివ్వనవసరం లేదు. బఫే భోజనంలో పళ్ళెం చేతపట్టకముందు వంటకాలన్నిటినీ ఒకసారి చూసి, కావలసినవి నిర్ణయించుకోవాలి. భోజనానంతరం నిద్రకు బదులు పది పదిహేను నిమిషాల నడక ఎంతో మేలు చేస్తుంది.

మందులు వాడేవారు మరొక జాగ్రత్త పాటించాలి. తీపి తింటున్నామనే ధైర్యంతో మాత్రల మోతాదును తామే పెంచుకోవడం, భోజనం ఆలస్యమయిందని తామే మానుకోవడం రెండూ ప్రమాదకరాలే. ఇన్సులిన్ తీసుకొని భోజనం వేళకు అందకపోతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పే అవకాశం ఉంది. పండుగ ఉపవాసాలు ఉండదలచినవారు ముందుగానే వైద్యుని సలహా తీసుకోవాలి. పూజ ముగిసేవరకు ఎవరూ తినరాదనే నియమం వ్యాధిగ్రస్తులకు వర్తించదని ఇంటి పెద్దలే ముందుగా ప్రకటిస్తే ఎందరికో మొహమాటం తప్పుతుంది.

ఇంటిలో వంట చేసే స్త్రీల ఆరోగ్యం గురించి కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. పండుగకు వారం ముందునుంచే పిండి కొట్టడం, పాకం పట్టడం, పొయ్యి వేడిలో గంటల తరబడి నిలబడడం వారి వంతు. పండుగనాడు అందరికీ వడ్డించి, చివరకు మిగిలినదానితో సరిపెట్టుకొనేదీ వారే. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఒకే ఇంటిలో కొందరు అతిగా తిని, కొందరు చాలినంత బలమైన ఆహారం తినక రోగగ్రస్తులవుతున్నారు. వంటకాల సంఖ్య తగ్గితే వీరికి విశ్రాంతి దొరుకుతుంది. మగవారు పనిలో చేయి కలిపి, అందరూ ఒకే పంక్తిలో కూర్చుంటే ఆకుకూర, పప్పు, పెరుగు వీరి విస్తరికి కూడా అందుతాయి. ఆరోగ్యకరమైన విందు అంటే కూర్చుని తిన్నవారికి మాత్రమే కాక వండినవారికి కూడా ఆరోగ్యకరమైనది.

విస్తరిలో మిగిలిపోయే ఆహారం సంగతి మరొకటి. 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళలో, భోజనశాలల్లో, దుకాణాలలో 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెల్లడించింది. అన్నం పారవేయరాదని పెద్దలు చెప్పడం సరైనదే. అయితే ఆ మాటను అడ్డం పెట్టుకొని, వద్దన్నా వడ్డించినదాన్ని బలవంతంగా తినడం మేలు కాదు. అవసరం లేని ఆహారం చెత్తకుండీకి చేరినా, కడుపుకు చేరినా వ్యర్థమే. తక్కువగా వడ్డించి, అడిగినప్పుడు మళ్ళీ వడ్డించడం ఒక్కటే ఈ రెండు నష్టాలనూ నివారిస్తుంది.

చర్చ అంతా చివరకు మర్యాద దగ్గరకే వస్తుంది. కొసరి కొసరి వడ్డించడం తెలుగువారి ఆతిథ్యానికి అలంకారం. ఒకసారి అడగడం ఆప్యాయత. రెండవసారి అడగడం ఆచారం. మూడవసారి, అతిథి చేయి అడ్డం పెట్టినా వడ్డించడం మాత్రం బలవంతమే. "వద్దు" అనే మాటను నిరాదరణగా భావించే అలవాటు పోవాలి. అతిథి కూడా కారణాలు చెప్పుకొంటూ, క్షమాపణ కోరుకొంటూ తిరస్కరించనవసరం లేదు. "వంట చాలా బాగుంది, నాకు ఇంతే చాలు" అని నవ్వుతూ చెప్పడం నేర్చుకొంటే ఎదుటివారి మనసు నొవ్వదు. మధుమేహం ఉన్న మనిషి పదిమందిలో తన వ్యాధిని ప్రకటించుకొంటే తప్ప విస్తరిని కాపాడుకోలేని స్థితి ఏ ఇంటికీ గౌరవం కాదు.

ఈ మార్పు తేగలిగిన శక్తి యువతరానికి ఎక్కువగా ఉంది. పల్లెలలోనైనా, పట్టణాలలోనైనా పెళ్ళి పంక్తులలో గరిటె పట్టి వడ్డించేది చాలావరకు కళాశాల వయసు యువకులే. పండుగలకు వసతి గృహాలనుంచి ఇల్లు చేరి తల్లికి వంటలో సాయపడేదీ వారే. అమ్మమ్మ, నాయనమ్మల మందుల చీటీలు చదివి చెప్పేదీ వారే. పొట్లంమీద ముద్రించిన చక్కెర, ఉప్పు, కొవ్వుల వివరాలు చదవగలిగిన చదువు వారికి ఉంది. "ఇంకొకటి వేయనా?" అని అడిగి, జవాబు విన్న తర్వాతనే గరిటె వంచే అలవాటు వారితో మొదలైతే పంక్తి అంతటికీ అది పాకుతుంది. తాము తినే విషయంలో కూడా ఇప్పటినుంచే మితం పాటించడం వారికి అవసరం. మధుమేహం ముసలితనంలోనే వస్తుందనే నమ్మకం ఈనాడు చెల్లదు. ఇరవై, ముప్పై ఏళ్ళ వయసులోనే ఆ వ్యాధికి గురవుతున్నవారున్నారు.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులుంటాయి. ఏ ఒక్కటీ మిగిలినవాటిని మింగివేయని కొలతలో కలిసినప్పుడే అది పచ్చడి అవుతుంది. బెల్లం ఎక్కువైతే పానకం, ఉప్పు ఎక్కువైతే ఊరగాయ అవుతుంది. పండుగ భోజనానికి కూడా అదే కొలత వర్తిస్తుంది. అరిసెలు ఉండాలి, గారెలు ఉండాలి, ఆవకాయ ఉండాలి. బంధువులు కలవాలి, పంక్తిలో నవ్వులు వినబడాలి. వాటితోపాటు కనుమనాటి సాయంకాలం ఇంటి పెద్ద మంచం పట్టకుండా, మనుమల చేయి పట్టుకొని వీధిలో గొబ్బిళ్ళను, ముగ్గులను చూడడానికి నడిచి వెళ్ళగలగాలి. మరుసటి సంక్రాంతికి కూడా ఆయన ఆ పంక్తిలో కూర్చోగలిగేటట్లు చూడడమే నిజమైన ఆతిథ్యం.